అమ్మకానికి లేని పుస్తకానికి మూడు కాపీలు: 52(1)(ఓ) వాడకంలో ఎలా ఉంది?

భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్‌లో ఉన్న 52(1)(ఓ) అనే ఈ చిన్న నియమాన్ని యూనివర్సిటీ లైబ్రరీలో ఏళ్ల తరబడి వాడుతున్నాం. దేశంలో అమ్మకానికి లేని పుస్తకాన్ని వాణిజ్యేతర పబ్లిక్ లైబ్రరీ తన అవసరానికి మూడు కాపీల వరకు తీసుకోవచ్చు. లైబ్రేరియన్ ఆదేశం ఉంటే చాలు, హక్కుదారు అనుమతి అక్కర్లేదు. కరపత్రాలు, మ్యాపులు, చార్టులు కూడా ఇందులోకే వస్తాయి. పాత పుస్తకాలు బతకాలంటే ఇంతకన్నా సూటి దారి లేదు.

కష్టమంతా "అమ్మకానికి లేదు" అని తేల్చుకోవడంలోనే. ఆన్‌లైన్‌లో స్టాక్ లేదని కనబడితే సరిపోదు. పునర్ముద్రణ ప్రెస్సులో ఉండొచ్చు, హక్కులు మరో ప్రచురణకర్త చేతికి పోయి ఉండొచ్చు, ఆ రచన ఏ సమగ్ర సంపుటంలోనో చేరి ఉండొచ్చు. ఈ చివరిదాన్నే చాలామంది చూడరు. ప్రచురణకర్తకు ఉత్తరం రాయాలి, పంపిణీదారులను అడగాలి, రచయిత సొంతంగా అచ్చువేసుకున్నదైతే కుటుంబాన్ని కనుక్కోవాలి. జవాబులన్నీ తేదీలతో ఫైల్లో పెట్టి, లైబ్రేరియన్ సంతకం అయ్యాకే పుస్తకాన్ని స్కానర్ మీద పెట్టాలి. రేపు కొత్త ముద్రణ వచ్చినా, కాపీ తీసిన రోజున దొరకలేదని చూపేది ఆ ఫైలే.

వీటన్నిటికన్నా ముందు రచయిత ఏ సంవత్సరంలో పోయారో చూడండి. ఆ సంవత్సరం ముగిశాక 60 ఏళ్లు నిండితే మామూలుగా హక్కే మిగలదు, మూడు అన్న లెక్కా ఉండదు. అనువాదమైతే అనువాదకుడి సంవత్సరమూ చూడాలి.

భద్రపరచడానికి డిజిటల్ ప్రతి కావాలంటే 2012 సవరణతో అదే సెక్షన్‌లోకి వచ్చిన 52(1)(ఎన్) ఉంది. కాకపోతే అచ్చు ప్రతి మన దగ్గర ముందే ఉండాలి. వేరే లైబ్రరీ నుంచి ఎరువు తెచ్చినదానికి అది పనికిరాదు. ఈ రెండింటిలో ఏదీ స్కాన్‌ను వెబ్‌సైట్‌లో అందరికీ పెట్టే హక్కు ఇవ్వదు. ఇక పాత లెటర్‌ప్రెస్ (అచ్చు అక్షరాలు పేర్చి ముద్రించిన) తెలుగును నలుపు-తెలుపు మోడ్‌లో తీయకండి. వత్తులు అతుక్కుపోతాయి, గుడికి గుడిదీర్ఘానికి తేడా తెలియదు. గ్రేస్కేల్‌లో 400 డీపీఐ పెట్టండి.

లోపాలూ పెద్దవే. పబ్లిక్ లైబ్రరీ అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. బయటి పాఠకులను రానివ్వని యూనివర్సిటీ దీన్ని నమ్ముకోవడం ప్రమాదమని మా అభిప్రాయం. పరిశోధకుడికి సొంత కాపీ కావాలంటే ఇది వర్తించదు, 52(1)(ఏ) కింద న్యాయమైన వాడకం హద్దుల్లోనే ఇవ్వాలి. ఢిల్లీ యూనివర్సిటీలో పాఠ్యభాగాల జిరాక్సు కాపీలపై 2016లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పును ఇక్కడ చూపించేవాళ్లున్నారు. అది తరగతి బోధనకు సంబంధించిన 52(1)(ఐ) మీద వచ్చింది. ధర ఊసే లేకపోవడం అన్నిటికన్నా బాధాకరం: లైబ్రరీ బడ్జెట్‌కు అందనంత ఖరీదు పెట్టినా, అమ్మకానికి ఉందంటే ఈ దారి మూసుకున్నట్టే.