రెజిల్‌మేనియా 17: కుర్చీ దెబ్బలకూ కేరింతలే

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) ఏటా జరిపే అతి పెద్ద కుస్తీ షో రెజిల్‌మేనియా. 2001 ఏప్రిల్ 1, హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్. అధికారిక లెక్కలో 67,925 మంది జనం. అంతకు వారం లోపే పోటీ కుస్తీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ వారం వారం వేసే టీవీ షో నైట్రో ఆఖరిసారి ప్రసారమైంది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ అప్పటికే ఆ కంపెనీని కొనేశాడు. ఆ ధీమా షో అంతటా కనిపిస్తుంది. పదకొండు మ్యాచ్‌లు, దాదాపు నాలుగు గంటలు. ఈ రోజు కూర్చుని చూసినా ఎక్కడా పెద్దగా విసుగు రాదు. ఒక్క ముగింపు దగ్గరే పేచీ.

జెరికో, రీగల్‌ల ఇంటర్‌కాంటినెంటల్ మ్యాచ్‌తో షో మొదలవుతుంది. రీగల్ టర్న్‌బకిల్ (రింగ్ మూలన తాళ్లు బిగించే కొక్కెం) మీది ప్యాడ్ ఊడదీసి, జెరికో భుజాన్ని ఆ ఇనుముకేసి కొట్టి, అక్కణ్నుంచి ఆ భుజం మీదే పని పెట్టుకుంటాడు. చిన్న మ్యాచే అయినా దానికో లెక్క ఉంది. ఆరుగురి ట్యాగ్ మ్యాచ్, యూరోపియన్ టైటిల్ మ్యాచ్ దాటేసినా నష్టం లేదు. కేన్, రేవెన్, బిగ్ షోల హార్డ్‌కోర్ మ్యాచ్ మాత్రం స్టేడియం వెనక గదుల్లో గోల్ఫ్ కార్ట్ ఎక్కి మరీ సాగుతుంది, సరదా కోసం చూడొచ్చు. యాంగిల్, బెన్వాల మ్యాచ్‌లో మొదటి నిమిషాలన్నీ దెబ్బలు లేకుండా మ్యాట్ మీద పట్లే. 2007లో భార్యనూ కొడుకునూ చంపి తానూ చనిపోయిన బెన్వాను చూడలేని వాళ్లు దీన్ని దాటేసినా తప్పు పట్టలేం.

విన్స్, అతని కొడుకు షేన్‌ల స్ట్రీట్ ఫైట్‌లో కుస్తీ తక్కువ, డ్రామా ఎక్కువ. కానీ బుకింగ్ (మ్యాచ్ కథను ముందే అల్లుకోవడం) పాఠం నేర్చుకోవాలంటే ఇదే. మత్తుమందులతో కదలకుండా ఉన్న విన్స్ భార్య లిండాను చక్రాల కుర్చీలో తెస్తారు. కథలో విన్స్ ప్రియురాలైన ట్రిష్ అతనికి ఎదురు తిరుగుతుంది, రెఫరీగా ఉన్న మిక్ ఫోలీ కుర్చీ దెబ్బ తిని పడిపోతాడు. అన్ని ముడులూ వేసి పెట్టుకున్నాక, విన్స్ వెనక లిండా మెల్లగా లేచి నిలబడుతుంది. విన్స్‌కి తెలీదు, స్టేడియం మొత్తానికి తెలుసు. ఆ అరుపు కోసమే ఇంతసేపు ఆగారు. ఆ తర్వాత షేన్ ఒక మూల నుంచి ఎదురు మూలకు దూకి, విన్స్ మొహానికి ఆనించిన చెత్తడబ్బాను తన్నడం కొసరు మాత్రమే.

వెంటనే టీఎల్‌సీ, అంటే బల్లలు, నిచ్చెనలు, కుర్చీలు వాడుతూ పైన వేలాడే బెల్టుల కోసం జట్లు పోటీపడే మ్యాచ్. బుబ్బా రే, మ్యాట్ హార్డీ నిచ్చెన మీది నుంచి రింగ్ బయట పేర్చిన బల్లల మీద పడతారు. అందరూ గుర్తుపెట్టుకున్నది మాత్రం ఎడ్జ్ స్పియరే. కింద నిచ్చెన పోయి, జెఫ్ హార్డీ బెల్టుల్ని పట్టుకుని గాల్లో వేలాడుతుంటే, ఎడ్జ్ ఇంకో నిచ్చెన మీంచి దూకి నడుం దగ్గర పట్టేస్తాడు. జెఫ్ వెల్లకిలా, ఎడ్జ్ బొక్కబోర్లా కలిసి కింద పడతారు. జెఫ్ ఊగుతున్నాడు కాబట్టి దూకే క్షణం కాస్త అటూఇటూ అయినా స్పియర్ గురి తప్పేది. స్లో మోషన్‌లో చూస్తేనే అదెంత కష్టమో తెలుస్తుంది.

దాని వెనకాల పాతకాపుల బ్యాటిల్ రాయల్ (పై తాడు మీంచి బయటపడ్డవాళ్లు ఓడిపోయే గుంపు మ్యాచ్) పెట్టడం తెలివైన పని, జనం ఊపిరి పీల్చుకోవాలి కదా. పై తాడు మీంచి పడే స్థితిలో లేని ఐరన్ షేక్‌నే గెలిపించారు! కామెంటరీకి పాత వ్యాఖ్యాతలు హీనన్, ఓకర్లండ్. అండర్‌టేకర్, ట్రిపుల్ హెచ్‌ల మ్యాచ్ బలంగానే సాగుతుంది కానీ, రెఫరీ అంతసేపు పడి ఉండటం మింగుడు పడదు. వాళ్లు జనం మధ్య నుంచి టెక్నీషియన్ల గద్దె దాకా వెళ్లి కొట్టుకుని తిరిగొచ్చినా ఆయన లేవడు.

ఇక ఆఖరి మ్యాచ్, ఆస్టిన్, రాక్. 28 నిమిషాలు. మ్యాచ్ మొదలవబోతుండగా హఠాత్తుగా 'నో డిస్‌క్వాలిఫికేషన్' (ఏం చేసినా అనర్హత వేటు ఉండదు) అని ప్రకటిస్తారు. విన్స్ రావడానికి తలుపు అక్కడే తెరిచారు. మ్యాచ్ నిండా పాత జ్ఞాపకాలే. రాక్ కాళ్లు మెలేసే షార్ప్‌షూటర్ పట్టు పట్టినప్పుడు నెత్తురోడుతూ అరిచే ఆస్టిన్‌ని చూస్తే 1997లో బ్రెట్ హార్ట్ చేతిలో చిక్కిన ఆస్టిన్ గుర్తొస్తాడు. మిలియన్ డాలర్ డ్రీమ్ అనే మెడపట్టులో ఇరుక్కున్న రాక్, 1996 సర్వైవర్ సిరీస్‌లో బ్రెట్ చేసినట్టే టర్న్‌బకిల్‌ని తన్ని వెనక్కి పడతాడు. ఈసారి రెఫరీ మూడు లెక్కపెట్టేలోపే, రెండుకే ఆస్టిన్ లేచేస్తాడు. పాఠం నేర్చాడన్నమాట. ఒకరి ఫినిషర్ (మ్యాచ్ ముగించే ప్రత్యేక దెబ్బ) ఇంకొకరు వాడతారు, ఎవరూ ఓడరు. రాక్ లేచిన ప్రతిసారీ ఆస్టిన్ మొహంలో కోపం కన్నా కంగారు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే పాత శత్రువు విన్స్ సాయం తీసుకోవడం నమ్మేలా ఉంది. చివరికి ఆస్టిన్ కింద పడున్న రాక్‌ని కుర్చీతో బాదుతూనే ఉంటాడు. లెక్కపెట్టడం మధ్యలోనే వదిలేస్తాం.

కథగా ఇందులో వంక లేదు, వంకంతా వేదికలోనే. ఆస్టిన్ టెక్సాస్ మనిషి. సొంత రాష్ట్రంలో అతన్ని విలన్ చేస్తే జనం తిడతారని ఎలా అనుకున్నారో! మొదటి నిమిషం నుంచి ఛీకొట్టే అరుపులు రాక్‌కే పడ్డాయి. కుర్చీ దెబ్బలకు కూడా కేరింతలే. విన్స్‌కి ఆ రాత్రి తన ఫినిషర్ స్టన్నర్ ఇచ్చి ఉండాల్సిందని ఆస్టిన్ తర్వాత చాలాసార్లు అన్నాడు. దానికి తోడు రాక్ సినిమా షూటింగ్‌కి వెళ్లిపోవడంతో, కొత్త విలన్‌కి ఎదురు నిలిచే హీరో కూడా కొన్ని నెలలు లేకుండా పోయాడు.

ఆ ముగింపుని రెండుసార్లు చూడండి, ఒకసారి కామెంటరీతో, ఒకసారి శబ్దం తీసేసి. వ్యాఖ్యాత జిమ్ రాస్ గొంతులో ఘోరం జరిగిపోయిందన్న వేదన ఉంటుంది. శబ్దం లేకుండా చూస్తే చేతులెత్తిన జనం మధ్య ఆస్టిన్, విన్స్ ఇద్దరు మిత్రుల్లా బీరు డబ్బాలు తాకించుకుంటూ కనిపిస్తారు.