నోటిఫికేషన్ కేటగిరీలు: మెచ్చుకుంటూనే తిట్టుకునే సౌకర్యం

ఫోన్ వాడకం తగ్గించుకోవాలనుకునేవాళ్ళు మొదట పట్టుకునేది యాప్ టైమర్లని. రోజుకు అరగంట అని పెట్టుకోవడం, అరగంట దాటగానే ఆ టైమర్‌నే తీసేయడం. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ రెండూ 2018లో వచ్చాయి, అప్పటి నుంచీ ఇదే తంతు. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, యాప్‌లో పూర్తిగా మునిగిపోయాక వచ్చే హెచ్చరిక అది. తెరని బ్లాక్ అండ్ వైట్ చేసుకోవడం కొంత నయమే గానీ, మ్యాప్‌లో ఎరుపు ట్రాఫిక్‌కీ ఆకుపచ్చ ట్రాఫిక్‌కీ తేడా తెలియదు, తీసిన ఫొటో ఎలా వచ్చిందో చూసుకోవాలన్నా రంగులు మళ్ళీ ఆన్ చేయాలి. ఆన్ చేశాక ఎవరూ ఆఫ్ చేయరు.

ఇవన్నీ వాడి వదిలేశాక, చాలాకాలంగా వదలకుండా వాడుతున్నది ఆండ్రాయిడ్‌లోని నోటిఫికేషన్ కేటగిరీలు. ఈ సమీక్ష దాని గురించే. నచ్చిన కారణం ఒకటే, ఒళ్ళు మండిన కారణమూ ఒకటే. రెండోదాని పేరు ‘మిసిలేనియస్’.

ముందు నచ్చింది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8తో ఒక నియమం పెట్టారు. యాప్ పంపే ప్రతి నోటిఫికేషన్ ఏదో ఒక కేటగిరీ కిందికి రావాలి. ఆ కేటగిరీ ఒకసారి ఫోన్‌లో ఏర్పడ్డాక దాని మోత ఎంతుండాలో తేల్చేది వాడేవాళ్ళే. మీరు ‘సైలెంట్’ అని పెట్టినదాన్ని యాప్ తనంతట తాను మళ్ళీ మోగించలేదు. యాప్ లోపల ఉండే సెట్టింగులకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. యాప్ లోపలివి కంపెనీ దయ, ఇది ఫోన్ ఇచ్చిన హక్కు. అందుకే సరుకులు తెచ్చే యాప్‌లో ‘ఆర్డర్ బయల్దేరింది’ అన్నది మోగుతుంది, ‘ఈ రోజు మాత్రమే యాభై శాతం’ అన్నది మోగదు. యాప్ మొత్తాన్ని ఆఫ్ చేయాల్సిన అవసరం లేదు.

చేయాల్సింది చిన్న పని. సెట్టింగుల్లోకి వెళ్ళి అన్ని యాప్‌లనూ కూర్చున్న పట్టున శుభ్రం చేయాలనుకుంటే మాత్రం పదో యాప్ దగ్గర ఓపిక అయిపోతుంది. పైగా ‘జనరల్’, ‘అప్‌డేట్స్’, ‘ఎంగేజ్‌మెంట్’ లాంటి పేర్లు చూసి ఏది ఏమిటో పోల్చుకోలేం. నోటిఫికేషన్ వచ్చినప్పుడే దాన్ని వేలితో నొక్కి పట్టుకోవాలి. యాప్ పేరుతో పాటు కేటగిరీ పేరు కనబడుతుంది, డిఫాల్ట్ (మోగేది), సైలెంట్ (మోగనిది) అని రెండు ఎంపికలుంటాయి, పళ్ళచక్రం గుర్తు నొక్కితే మిగతావి. వచ్చిన విషయం, కేటగిరీ పేరు రెండూ కళ్ళ ముందే ఉంటాయి కాబట్టి తప్పు జరిగే అవకాశం తక్కువ. వారం పది రోజులు ఇలా చేస్తే గోల చేసేవి చాలావరకు దారికొస్తాయి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల కింద యాప్‌ల జాబితాని ‘మోస్ట్ ఫ్రీక్వెంట్’ వరసలో పెట్టి, పైన కనిపించే వాటిని మాత్రం చూసుకుంటే చాలు. సామ్‌సంగ్ ఫోన్లలో వన్ యూఐ (ఆండ్రాయిడ్‌కి సామ్‌సంగ్ ఇచ్చుకున్న సొంత రూపం) 6.1 నుంచి కేటగిరీలు మొదట్లో కనబడవు. నోటిఫికేషన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, ఒక్కో యాప్‌కి కేటగిరీలు చూపే మీటని ఆన్ చేయాలి. ‘మా ఫోన్‌లో అసలు లేవే’ అనేవాళ్ళలో చాలామందికి సంగతి ఇదే.

ఏది ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక లెక్క కుదిరింది. మనిషి నేరుగా మనకోసం పంపినది, డబ్బు కదిలినది, ఎవరో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది: ఈ మూడూ డిఫాల్ట్. వీటిలోనూ కాల్స్ తప్ప మిగతావాటికి ‘పాప్ ఆన్ స్క్రీన్’ తీసేయొచ్చు. చప్పుడు ఉంటుంది, చేస్తున్న పని మీదికి వచ్చి పడదు. తర్వాత చూసినా నష్టం లేనివి సైలెంట్. అక్కడే ‘మినిమైజ్’ కూడా నొక్కితే అవి కిందెక్కడో ఒక్క గీతలా ముడుచుకుని ఉంటాయి. స్టేటస్ బార్‌లో సైలెంట్ గుర్తులు కనబడకుండా చేసే మీట విడిగా ఉంటుంది, అది నొక్కకపోతే సగం ప్రయోజనమే. చప్పుడు లేకపోయినా పైన వరసగా గుర్తులుంటే చూపు అటే పోతుంది. యాప్ గుర్తు మీద కనిపించే చుక్కని కూడా కేటగిరీ వారీగా తీసేయొచ్చు. వాట్సాప్‌లో విడి సందేశాలకూ గ్రూపులకూ వేర్వేరు కేటగిరీలు ఉన్నాయి. గ్రూపుల కేటగిరీని సైలెంట్ చేయడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తక్కువ శ్రమతో అన్నిటికంటే ఎక్కువ ప్రశాంతత ఇచ్చేది. జీమెయిల్‌కి ఇది చాలదు. దాని సొంత సెట్టింగుల్లో అకౌంట్ కింద ‘హై ప్రయారిటీ ఓన్లీ’ పెట్టుకోవాలి.

ఇక కోపం సంగతి.

కేటగిరీల జాబితాలో చాలా యాప్‌లకి ‘మిసిలేనియస్’ అని ఒకటుంటుంది. పేరు చూస్తే చిల్లరమల్లర వ్యవహారంలా అనిపిస్తుంది, ఎవరైనా మొదట ఆఫ్ చేసేది దాన్నే. ఆఫ్ చేశాక కొన్నాళ్ళకు ఓ ముఖ్యమైన కబురు రాదు. అపాయింట్‌మెంట్ సమయం మారింది, కొత్త ఫోన్ నుంచి లాగిన్‌కి మీ అనుమతి కావాలి, టికెట్ వెయిటింగ్ నుంచి ఖరారైంది, అలాంటిది. ఇంటర్‌నెట్ బాగానే ఉంటుంది, యాప్‌కి అనుమతీ ఉంటుంది. అవతలి వాళ్ళని అడిగితే ‘మా వైపు నుంచి వెళ్ళింది’ అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే. వచ్చింది, ఫోనే ఆపేసింది.

కారణం ఇది. చాలా యాప్‌లు నోటిఫికేషన్లు పంపడానికి గూగుల్ వారి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అనే సేవని వాడతాయి. సర్వర్ నుంచి కబురు పంపేటప్పుడు అది ఏ కేటగిరీకి చెందిందో దాని ఐడీ జతచేయాలి. జతచేయకపోతే, యాప్‌లో డిఫాల్ట్ కేటగిరీ అని ఏదీ చెప్పి ఉంచకపోతే, ఫైర్‌బేస్ తనే ఒక కేటగిరీ తయారుచేసి అందులో వేస్తుంది. ఆ కేటగిరీకి పెట్టిన పేరే ‘మిసిలేనియస్’. అంటే అది చిల్లర కబుర్ల డబ్బా కాదు, చిరునామా రాయకుండా పంపిన ప్రతిదీ వచ్చిపడే చోటు. యాప్ రాసినవాళ్ళు ‘ఆర్డర్స్’, ‘ఆఫర్స్’, ‘సెక్యూరిటీ’ అని ముచ్చటగా కేటగిరీలు పెడతారు. సర్వర్ వైపు పనిచేసేవాళ్ళు అవేవీ పట్టించుకోకుండా అన్నీ ఒకే దారిన పంపిస్తారు. జాబితా చూసి మీరు ‘ఆఫర్స్’ ఆఫ్ చేసి సంతోషపడతారు, ఆఫర్లు వస్తూనే ఉంటాయి. ‘మిసిలేనియస్’ ఆఫ్ చేస్తే ఆఫర్లతో పాటు అపాయింట్‌మెంటూ పోతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ అని ఒక సదుపాయం ఉంది. ముందే ఆన్ చేసుకుని ఉంటే గడిచిన 24 గంటల్లో తోసేసినవాటిని తిరిగి చూడొచ్చు. పొరపాటున తుడిచేసిన కబురుకి ఇది బాగా పనికొస్తుంది. పూర్తిగా ఆఫ్ చేసిన కేటగిరీలోవి మాత్రం ఆ హిస్టరీలోకీ రావు, ఎందుకంటే ఫోన్ లెక్కలో అవి తెర మీదికి వచ్చినవే కాదు. సైలెంట్‌లో ఉన్నవి కనబడతాయి. అందుకే ఏ కేటగిరీనైనా ఒకేసారి ఆఫ్ చేయకూడదు. ముందు సైలెంట్‌లో పెట్టి, అందులో ఏమేం వస్తున్నాయో కొన్ని వారాలు గమనించి, చెత్త తప్ప ఇంకేమీ లేదని తేలాకే ఆఫ్ చేయాలి. గూగుల్ పిక్సెల్ లాంటి ఫోన్లలో కేటగిరీ పేరు కింద రోజుకో వారానికో సుమారు ఎన్ని వస్తున్నాయో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘ఆర్డర్స్’ కింద ఏమీ లేకుండా ‘మిసిలేనియస్’ కింద రోజుకు పది కనబడితే ఆ యాప్‌లోని మిగతా పేర్లన్నీ అలంకారానికే అని అర్థం. అలాంటి యాప్‌ని కేటగిరీలతో బాగుచేయలేం. ముఖ్యమైన కబుర్లు ఎస్సెమ్మెస్‌లోనో ఈమెయిల్‌లోనో కూడా వచ్చేట్టు యాప్ లోపల పెట్టుకుని, నోటిఫికేషన్లు మొత్తం ఆపేయడమే దారి.

రెండో తిప్పలు అప్‌డేట్లతో. కేటగిరీని ఫోన్ గుర్తుపట్టేది పేరుతో కాదు, ఐడీతో. పాత ఐడీ తీసేసి అదే ఐడీతో మళ్ళీ పెడితే మీరు పెట్టిన సెట్టింగే తిరిగి వస్తుంది, అక్కడ ఆండ్రాయిడ్ గట్టిగానే ఉంది. కొత్త ఐడీతో పెడితే ఫోన్‌కి అది కొత్త కేటగిరీయే, మోతతో సహా మొదటికొస్తుంది. కొన్ని యాప్‌లు దీన్ని కావాలనే చేస్తాయని నా అనుమానం. పనిమాలా సైలెంట్ చేసిన ‘రికమెండేషన్స్’ పోయి, అప్‌డేట్ తర్వాత ‘పిక్స్ ఫర్ యూ’ అని ఇంకొకటి మొలుస్తుంది. ఈ ఎత్తుకి ఆండ్రాయిడ్ దగ్గర ఉన్న మందు, యాప్ నోటిఫికేషన్ల పేజీలో ఆ యాప్ ఎన్ని కేటగిరీలు తీసేసిందో ఆ సంఖ్య చూపించడం. అది పెద్దగా ఉంటే ఆ యాప్ మీద ఓ కన్నేసి ఉంచాలి. ఆపడానికైతే అది ఎందుకూ కొరగాదు.

ఐఫోన్ వాడేవాళ్ళకి ఈ సౌకర్యం ఈ రూపంలో లేదు. యాప్ మొత్తానికి ఒకే మీట. ఐఓఎస్ 15తో వచ్చిన షెడ్యూల్డ్ సమ్మరీ అనవసరమైనవాటిని మూటగట్టి, చెప్పిన సమయానికి ఇస్తుంది, అది మంచిదే. వినియోగదారు యాప్ లోపల ఒప్పుకుంటే తప్ప ప్రకటనల నోటిఫికేషన్లు పంపకూడదని యాపిల్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఆఫర్ల గోల పెట్టే యాప్‌లో అలాంటి మీట ఎక్కడో దాగి ఉండాలి, వెతకండి.

పైన చెప్పిన మెప్పుకి ఒక సవరణ. కేటగిరీలు సరిచేసుకున్నాక ఫోన్ పిలవడం బాగా తగ్గుతుంది. మనంతట మనం ఫోన్ తీయడం ఆ మేరకు తగ్గదు. మొదటి రోజుల్లో పెరుగుతుంది కూడా, ఏదో మిస్సయ్యామేమో అని సైలెంట్ వరసని లాగి చూడాలనిపిస్తుంది. డిజిటల్ వెల్‌బీయింగ్ డాష్‌బోర్డులో వచ్చిన నోటిఫికేషన్లు ఎన్నో, యాప్ తెరిచింది ఎన్నిసార్లో విడివిడిగా ఉంటాయి. మొదటిది సగానికి పడిపోయినా రెండోది కదలకపోతే బెడద నోటిఫికేషన్లది కాదు. అప్పుడు కేటగిరీలు ఎంత సర్దినా లాభం లేదు. ఆ యాప్‌ని హోమ్ స్క్రీన్ నుంచి తీసేయడమో, ఫోన్‌లోంచి తీసి కంప్యూటర్‌లో మాత్రమే వాడటమో ఆలోచించాలి.

అందరికీ సిఫారసు చేస్తానా అంటే, పరిస్థితిని బట్టి. యాప్‌లు ఎక్కువ, వాటిలో సగం నిజంగా అవసరమైనవే, ఏదీ తీసేయలేరు అన్నవాళ్ళకి ఇంతకంటే మంచి పనిముట్టు ఆండ్రాయిడ్‌లో లేదు. ఆఫీసు వ్యవహారమంతా ఒకే చాట్ గ్రూపులో నడిచేవాళ్ళకి పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే పనికొచ్చేదీ పనికిరానిదీ ఒకే కేటగిరీలో వస్తాయి. రాత్రి డ్యూటీలో కబురు కోసం ఎదురుచూసేవాళ్ళు ఆ ఒక్క కేటగిరీకి ‘ఓవర్‌రైడ్ డు నాట్ డిస్టర్బ్’ (ఫోన్‌ని ‘డు నాట్ డిస్టర్బ్’లో పెట్టినా దాన్ని మోగనిచ్చే మీట) ఆన్ చేసి, నిజంగా మోగుతోందో లేదో ఎవరిచేతైనా పంపించుకుని చూశాకే నమ్మాలి. కొత్త కేటగిరీలు మొలిచాయేమో అని రెండు నెలలకోసారైనా ఓ పావుగంట కూర్చునే ఓపిక లేకపోతే వీటి జోలికే పోవద్దు. నాలుగైదు యాప్‌లకి మాత్రం అనుమతి ఉంచి మిగతావాటిని పూర్తిగా ఆపేయండి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకునే యాప్ నోటిఫికేషన్లకి ముందే అనుమతి అడుగుతుంది కాబట్టి, అక్కడ ‘డోంట్ అలౌ’ నొక్కితే అలాంటివాళ్ళ పని చాలావరకు అయిపోయినట్టే.