క్యాట్ 4 నుంచి క్యాట్ 6కు: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఊరికి ఫైబర్ రాలేదు. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి సిమ్ వేసుకునే 4జీ రౌటరే దిక్కు. మొదట రెండేళ్లు క్యాట్ 4 రౌటర్ వాడాను, తర్వాత క్యాట్ 6 కొన్నాను. క్యాట్ అంటే క్యాటగిరీ, రౌటర్ లోపలి మోడెమ్ తరగతి. దాని అట్టపెట్టె మీద అచ్చేసిన 300 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఈ మూడేళ్లలో ఒక్కసారీ కంటపడలేదు. అయినా డబ్బు దండగైందని అనను.

క్యాటగిరీ చెప్పేది మోడెమ్, అంటే టవర్‌తో మాట్లాడే భాగం, గరిష్ఠంగా ఎంత వేగం అందుకోగలదో మాత్రమే. క్యాట్ 4కి డౌన్‌లోడ్ 150, క్యాట్ 6కి 300. అప్‌లోడ్ మాత్రం రెండింటికీ 50. ఈ ముక్క దుకాణంలో ఎవరూ చెప్పలేదు. రోజూ పెద్ద ఫైళ్లు పంపే నేను కొన్నాక తెలుసుకున్నాను.

అసలు తేడా రాత్రి ఎనిమిదింటికి తెలుస్తుంది. ఊరంతా ఫోన్లు పట్టుకునే ఆ వేళలో పాత రౌటర్ 2300 బ్యాండు (టవర్ సిగ్నల్ పంపే 2300 మెగాహెర్ట్జ్ తరంగాల పట్టీ) ఒక్కదాన్నే పట్టుకుని 3, 4 ఎంబీపీఎస్ దగ్గర ఈడ్చేది. కొత్తది దానికి 1800 బ్యాండును కూడా జతచేస్తుంది. సెట్టింగుల పేజీలో బి40 (2300 బ్యాండు) పక్కన బి3 (1800 బ్యాండు) కనిపించిందంటే ఆ రాత్రికి 15 దాకా ఖాయం. అయితే టవర్‌లోనూ రెండు బ్యాండ్లు ఉండాలి. ఒకే బ్యాండున్న మా అత్తగారి ఊళ్లో రెండు రౌటర్లలోకీ ఒకే సిమ్ మార్చి మార్చి వేసి చూశాను. వీసమెత్తు తేడా లేదు.

ఫైళ్లు పంపేటప్పుడు మాత్రం రౌటర్‌ను బి3కే కట్టేస్తాను. బి40లో రాకకూ (డౌన్‌లోడ్) పోకకూ (అప్‌లోడ్) ఒకే దారి, వంతులవారీగా. అందులోనూ పోకకు దక్కే వంతు తక్కువ. బి3లో దేని దారి దానిది.

క్యాట్ 12 కొనమని తమ్ముడి పోరు. 600 అంటున్నారు, నిజమే. కానీ అందులో కొంత వేగం 256 క్వామ్ వల్ల, అంటే ఒక్కో సంకేతంలో ఎక్కువ డేటా కుక్కి పంపే పద్ధతి వల్ల వచ్చేది, దానికి సిగ్నల్ చాలా శుభ్రంగా ఉండాలి. మా టవర్ చెరువు అవతల ఉంది. బీరువా పక్కన మైనస్ 112 చూపించిన ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మేలు), రౌటర్‌ను మేడమీది కిటికీలో పెట్టగానే మైనస్ 97కు వచ్చింది. పైసా ఖర్చు లేకుండా నాకు దొరికిన అతిపెద్ద లాభం అదే.

నా క్యాట్ 6 రౌటర్‌కు లోపం ఒక్కటే, వేడి. మే నెల మధ్యాహ్నాల్లో తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. అందుకే ఆ నెల రోజులూ మేడమీద టేబుల్ ఫ్యాను నాకు కాదు, దానికి.