ఉచిత టికెట్టా, ఎక్కువ బస్సులా, మెట్రోనా: హైదరాబాద్‌కి ముందు ఏది కావాలి?

ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైనప్పటి నుంచి మన నగరంలో బస్సు మాట వస్తే చాలు, గొడవ ఉచితం మీదికే పోతోంది. ఆడవాళ్లకి ఫ్రీ ఇవ్వడం దండగని కొందరు, దాని జోలికి రావద్దని కొందరు. నా ప్రశ్న వేరు. ప్రభుత్వం దగ్గరున్న డబ్బు ఆడవాళ్ల టికెట్టుకి పెట్టొచ్చు, కొత్త బస్సులకి పెట్టొచ్చు, మెట్రో పొడిగింపుకి పెట్టొచ్చు. వచ్చే రెండు మూడేళ్లలో ముందు దేనికి పెట్టాలి? నేనుండేది ఈసీఐఎల్ వైపు. బస్సూ ఎక్కుతాను, మెట్రో కూడా ఎక్కుతాను.

ముందు ఉచిత టికెట్టు సంగతి. రాష్ట్రం మొత్తమ్మీద ఆడవాళ్లకి కొట్టిన జీరో టికెట్లు 200 కోట్లకు చేరాయని, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని 2025 జులైలో ప్రభుత్వం చెప్పింది. లెక్కేస్తే టికెట్టుకి సగటున 33 రూపాయలు. కారులో తిరిగేవాళ్లకి అదొక టీ, సమోసా ఖర్చు. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో పనిచేసే ఆవిడకి మాత్రం నెల తిరిగేసరికి గ్యాస్ బండ డబ్బులు మిగులుతున్నాయి. అంతకంటే నాకు ముఖ్యంగా తోచింది ఇంకోటి. జీతం ఎక్కువిచ్చే ఇల్లు దూరంగా ఉన్నా ఇప్పుడు ఆవిడ ఒప్పుకోగలుగుతోంది. ఇదివరకు నడిచి వెళ్లగలిగే నాలుగు వీధులే ఆవిడకి దిక్కు, అక్కడ ఎంతిస్తే అంత తీసుకోవాల్సిందే. దీన్ని దండగ అనడానికి నాకు నోరు రాదు.

పేదవాళ్లకే ఇవ్వొచ్చు కదా అంటారు. కిక్కిరిసిన బస్సులో ఎవరు పేద, ఎవరు కాదని తేల్చే పని కండక్టర్ మీద పెట్టడం అన్యాయం. ఇప్పుడున్న ఆధార్ షరతే కొందరికి ఇబ్బందిగా ఉంది. తెలంగాణ అడ్రస్ లేకపోతే టికెట్టు కొనాల్సిందే. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి ఇక్కడ ఇళ్లు కడుతున్న కూలి తల్లులు చాలామంది డబ్బులిచ్చే ఎక్కుతున్నారు.

ఉచితానికి ఇంకో వైపు కూడా ఉంది. 2025 అక్టోబర్‌లో సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకి 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు ఛార్జీ పెంచారు. భార్యకి జీరో టికెట్టు, అదే బస్సులో వెనక తలుపు దగ్గర వేలాడే భర్తకి పెరిగిన టికెట్టు. ఒక చేత్తో ఇచ్చింది అదే ఇంట్లోంచి ఇంకో చేత్తో కొంత తీసుకున్నట్టయింది. మగవాళ్ల కోపం ఆడవాళ్ల మీదికి మళ్లుతోంది గానీ, అసలు అడగాల్సింది బస్సులు ఎందుకు సరిపోవట్లేదని.

బస్సుల విషయానికొస్తే కడుపు మండుతుంది. కోటి మంది పైచిలుకు ఉన్న నగరానికి ఆర్టీసీ బస్సులు మూడు వేల చుట్టూ ఉంటాయి. బెంగళూరులో ఆరు వేలకు పైనే తిరుగుతున్నాయి. 2019 సమ్మె తర్వాత ఇక్కడ ఉన్న బస్సుల్లోనే కొన్ని వందలు తగ్గించారు. జనం పెరిగారు, ఊరు ఔటర్ దాటిపోయింది, మహాలక్ష్మితో ఎక్కేవాళ్లూ పెరిగారు. బస్సులు మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు.

సాయంత్రం ఆరున్నరకి తార్నాకలో నిలబడితే విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. ఈసీఐఎల్ బోర్డుతో బస్సు వస్తుంది. ముందు తలుపు ఫుట్‌బోర్డు మీద అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక కాలు లోపల, ఒక కాలు గాల్లో. డ్రైవర్ స్టాపులో ఆపకుండా యాభై గజాలు ముందుకి పోయి స్లో చేస్తాడు. సంచీ చంకలో పెట్టుకుని చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తినవాళ్లలో ఇద్దరికి దొరుకుతుంది, మిగతావాళ్లు వెనక్కి వస్తారు. ఒకసారి పక్కనున్న పెద్దావిడతో “ఫ్రీ వచ్చాక బాగుందా అమ్మా?” అంటే, “ఫ్రీనే బిడ్డా, ఆపితే గద ఎక్కేది” అంది. కాసేపు చూసి ఆవిడ షేర్ ఆటో ఎక్కింది. జీరో టికెట్టు ఉండి కూడా ఆ పూట ఆవిడ జేబుకి చిల్లు పడ్డట్టే. డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు. అన్ని స్టాపుల్లోనూ ఆపితే ఆ బస్సు కదలను కూడా కదలదు.

ఇక మెట్రో. 2017 నవంబర్‌లో మొదలై, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ దారి తెరిచేసరికి 69 కిలోమీటర్లయింది. ఎండలో, ట్రాఫిక్‌లో చచ్చే నగరానికి అది నిజంగా పెద్ద ఊరట, నేను కాదనను. కానీ 2025 మేలో ఛార్జీలు పెంచాక ఎక్కువ దూరం వెళ్తే 70 రూపాయల దాకా అవుతోంది, పైగా స్టేషన్ నుంచి ఇంటికి ఆటో. పనిమనిషికీ, షాపులో సేల్స్ గర్ల్‌కీ అది రోజూ పెట్టగలిగే ఖర్చు కాదు. రెండో దశ కింద 76.4 కిలోమీటర్లకి 24,269 కోట్లతో రాష్ట్రం కేంద్రానికి ప్రతిపాదన పంపింది. కిలోమీటరుకి సుమారు 318 కోట్లు. ఎలక్ట్రిక్ బస్సు ఒక్కోటి కోటిన్నర వేసుకున్నా, ఒక్క కిలోమీటరు మెట్రో డబ్బుతో రెండు వందల బస్సులొస్తాయి. డ్రైవర్ల జీతాలు, డిపోలు, ఛార్జింగ్ ఖర్చులు వేరే ఉంటాయి, నిజమే. అయినా తేడా చిన్నది కాదు. మెట్రో పూర్తవడానికి ఏళ్లు పడుతుంది, బస్సు నెలల్లో రోడ్డెక్కుతుంది. ఎయిర్‌పోర్టుకీ, పటాన్‌చెరుకీ మెట్రో కావాలి, అడుగుదాం. కానీ అది వచ్చేదాకా తార్నాకలో నిలబడ్డవాళ్లు అలాగే ఉండాలా?

నా ఓటు బస్సులకే. ఉచితం తీసేయమని అనను, ఎవరైనా తీసేస్తామంటే గట్టిగా వద్దంటాను. జీరో టికెట్ల కింద ఇవ్వాల్సిన మహాలక్ష్మి బాకీ ప్రభుత్వం నెలనెలా ఆర్టీసీకి కట్టెయ్యాలి. ఆ తర్వాత చేతికొచ్చే ప్రతి కొత్త రూపాయీ ముందు సిటీ బస్సులకి పోవాలి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఇవి పాత డీజిల్ బస్సుల బదులుగా వచ్చి, మొత్తం లెక్క అక్కడికక్కడే ఉండిపోతే ఏ ఉపయోగమూ లేదు. వాటిలో ఎన్ని అదనంగా వస్తున్నాయో, ఏ రూట్లకి ఇస్తున్నారో ఆర్టీసీ ముందే డిపోల వారీగా చెప్పాలి. కొత్తవి మొదట మెట్రో చేరని ఈసీఐఎల్, కుషాయిగూడ, జీడిమెట్ల, చాంద్రాయణగుట్ట, హయత్‌నగర్ వైపు వెయ్యాలి. ఐటీ కారిడార్ ఏసీ బస్సులు కొంచెం ఆగినా ఫర్వాలేదు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పది నిమిషాలకో బస్సు, రాత్రి పదిన్నర తర్వాత కూడా కనీసం అరగంటకొకటి ఉండేలా చూడాలి. మాల్స్ మూసేశాక ఇంటికెళ్లే అమ్మాయిలు రోడ్డు మీదుండేది ఆ టైమ్‌లోనే.