ఎయిర్ పిస్టల్‌కి రెడ్ డాట్ ప్లేటు కొంటున్నారా? ఈ నల్ల ప్లేటుతో జాగ్రత్త

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎయిర్ పిస్టల్‌తో టార్గెట్ కొట్టే మిత్రులారా, రెడ్ డాట్ సైటు (ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం) కింద ప్లేటు మార్చే ఆలోచనలో ఉంటే ముందు ఇది చదవండి. 'సీఎన్‌సీ (కంప్యూటర్ మెషీన్‌తో చెక్కిన) అల్యూమినియం, అన్ని పిస్టళ్లకీ సరిపోతుంది' అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నల్ల ప్లేటు నేను తెప్పించుకున్నాను. దయచేసి మీరు తెప్పించుకోకండి.

నాది 4.5 మి.మీ. స్ప్రింగ్ పిస్టల్. పైన 11 మి.మీ. గాడి ఉంది, సైటుకేమో 20 మి.మీ. రైలు (సైటు బిగించే అడ్డగాళ్ల పట్టీ) కావాలి. మధ్యలో ప్లేటు తప్పదు. పాత ప్లాస్టిక్ ప్లేటు తీసి లోహంది వేస్తే గట్టిగా ఉంటుందనే కదా ఎవరైనా కొనేది! మొదట్లో పెల్లెట్లు బాగానే పడ్డాయి. తర్వాత ఒకటి ఎడమకి, ఇంకొకటి పైకి. జీరో చేసిన (గురి సరిచేసిన) కాసేపటికే మళ్లీ అదే తంతు. సైటుని వేలితో కదిపితే ప్లేటుతో సహా ఊగుతోంది. స్క్రూ బిగిస్తుంటే బిగియకుండా గిర్రున తిరుగుతోంది. రంధ్రం లోపల మర మొత్తం అరిగిపోయింది.

విజయనగరంలో లేత్ పని చేసే పెద్దాయనకి చూపిస్తే, ఒక మూల ఆకురాయితో రెండు గీతలు గీశారు. నల్ల పూత లేచిపోయి, కింద గరుకు బూడిద రంగు, సూదిమొనంత బొక్కలు కనిపించాయి. "ఏటి బాబూ ఇది? అల్యూమినియం కాదు, పోత సరుకు. ఇందులో మర నిలబడదు" అన్నారు. వెర్నియర్ పెట్టి చూస్తే ప్లేటు మీది రైలు అడ్డగాళ్లు ఒక్కోటి ఒక్కో వెడల్పు. పికటిన్నీ అనే ఈ ప్రామాణిక రైలుకి గాడి వెడల్పు 5.23 మి.మీ., గాడికీ గాడికీ దూరం 10.01 మి.మీ. ఉండాలి. వెడల్పు పెరిగితే గాడిలో కూర్చునే సైటు అడ్డకడ్డీకి ఆనిక ఉండదు. స్ప్రింగ్ పిస్టల్ ముందుకీ వెనక్కీ తన్నుతుంది కాబట్టి పేల్చిన ప్రతిసారీ సైటు జరుగుతూనే ఉంటుంది.

ఇంత చిన్న కదలికకి టెన్షన్ ఎందుకు అనుకోవద్దు. 40 మి.మీ. ప్లేటు ఒక చివర 0.1 మి.మీ. లేచినా, 10 మీటర్ల దగ్గర దెబ్బ 25 మి.మీ. పైకో కిందికో పోతుంది. 10 మీటర్ల పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయమే 11.5 మి.మీ. (ఆ పోటీల్లో రెడ్ డాట్ ఒప్పుకోరు, ఓపెన్ సైటే. ఇది ఇంటి దగ్గర సాధన చేసేవాళ్ల సంగతి.)

చేతికి బరువుగా తగిలితే మంచి లోహమని సంబరపడకండి. జింకు పోత అల్యూమినియం కంటే రెట్టింపు పైనే బరువు. మీ పిస్టల్ గాడి కొలిచాకే ఆర్డర్ పెట్టండి, కొన్నిటికి 9.5 మి.మీ. దగ్గరే ఉంటుంది. రీకాయిల్ (పేల్చినప్పటి తన్ను) ఆపే పిన్ను ఉన్న ప్లేటే తీసుకోండి. స్క్రూలకి నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పూసే జిగురు) చాలు, ఎరుపుది వద్దు, మళ్లీ విప్పడం కష్టం.

అమ్మినవాళ్లు 'వాడిన సరుకు వాపసు తీసుకోం' అన్నారు. అది చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోవాల్సిందే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. ఇదే ప్లేటు వచ్చినవాళ్లు పాత స్క్రూలు, డబ్బా, బిల్లు పారేయకుండా ఉంచండి.