జెడ్-వేవ్ జేఎస్ యూఐ రివ్యూ: ఘోస్ట్ నోడ్లు నిజంగా పోతాయా?

గోడ మీది స్విచ్ నొక్కితే లైటు వెంటనే వెలుగుతుంది, ఫోన్‌లో నొక్కితే మాత్రం నాలుగైదు సెకన్లు ఆలోచిస్తుంది. స్మార్ట్ పరికరాలని రేడియోతో కలిపే జెడ్-వేవ్ పెట్టుకున్న ఇంట్లో ఈ ఆలస్యం మొదలైతే ముందు అనుమానించాల్సింది ఘోస్ట్ నోడ్‌ని. ఇంట్లో ఎక్కడా లేని పరికరం, కంట్రోలర్ (నెట్‌వర్క్‌ని నడిపే యూఎస్‌బీ స్టిక్) జాబితాలో మాత్రం ఉన్నది. హోమ్ అసిస్టెంట్ (స్మార్ట్ హోమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు దాన్ని వదిలించుకోవడానికి జెడ్-వేవ్ జేఎస్ యూఐని మించిన సాధనం ప్రస్తుతం కనబడదు. పైగా ఉచితం, ఓపెన్ సోర్స్.

పరికరాన్ని జతచేసేటప్పుడు కంట్రోలర్ ముందుగా దానికో నంబరు ఇస్తుంది. దాని వివరాలు అడగడం (దీన్నే 'ఇంటర్వ్యూ' అంటారు), ఎస్2 సెక్యూరిటీ కీలు పంపడం ఆ తర్వాతి పని. మధ్యలో సిగ్నల్ తెగినా కరెంటు పోయినా ఆ నంబరు అనాథగా మిగిలిపోతుంది. ఎక్స్‌క్లూడ్ చేయకుండా, అంటే జాబితాలోంచి పద్ధతిగా తీయకుండా, స్విచ్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి మళ్లీ కలిపినా అంతే: కొత్త నంబరు వస్తుంది, పాతది పోదు. ఈ జాబితా ఉండేది యాప్‌లో కాదు, యూఎస్‌బీ స్టిక్ లోపలి ఎన్‌వీఎం మెమరీలో (కరెంటు లేకున్నా చెరగని మెమరీ). అందుకే హోమ్ అసిస్టెంట్‌ని పూర్తిగా తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఘోస్ట్ అక్కడే ఉంటుంది. ఎన్‌వీఎం బ్యాకప్‌ని కొత్త స్టిక్‌లోకి ఎక్కిస్తే అదీ వెంట వస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్ అసలు బలం కంట్రోల్ ప్యానెల్ పట్టిక. ప్రతి నోడ్ నంబరు, తయారీదారు, స్టేటస్, ఇంటర్వ్యూ ఎంతవరకు వచ్చిందో ఒకే వరసలో కనిపిస్తాయి. తయారీదారు 'అన్‌నోన్', ఇంటర్వ్యూ మొదటి మెట్టులోనే ఆగింది, పింగ్‌కి (ఉన్నావా అని పలకరించే సందేశానికి) జవాబు లేదు, ఆ నంబరుకి సరిపోయే వస్తువు ఇంట్లో లేదు. ఈ నాలుగూ కలిస్తే అది ఘోస్టే. బ్యాటరీ సెన్సర్ 'అస్లీప్' అని ఉంటే నిద్రపోతోందంతే. దాని బటన్ నొక్కి లేపితే మిగిలిన ఇంటర్వ్యూ పూర్తవుతుంది. బెంగళూరు ఫ్లాట్లలో ఇంకో తికమక ఉంది. హబ్, రౌటర్ యూపీఎస్ మీద ఉంటాయి. గీజర్, ఏసీ స్విచ్‌లు చాలాచోట్ల బ్యాకప్ లేని లైన్ మీద. కరెంటు పోగానే అవన్నీ 'డెడ్' అని ఎర్రగా కనిపిస్తాయి. ఆ సమయంలో తీసివేతకు దిగితే బతికున్న స్విచ్‌లే జాబితాలోంచి పోతాయి. కరెంటు వచ్చి, అన్నీ పింగ్‌కి పలికాకే పని మొదలుపెట్టాలి.

ముందు ఎన్‌వీఎం బ్యాకప్ తీసి వేరే కంప్యూటర్‌లో దాచండి. ఒకే స్విచ్‌కి రెండు నంబర్లు ఉంటే పింగ్‌కి పలికేది అసలుది. తర్వాత అనుమానం ఉన్న పరికరానికి ఎంసీబీ ఆపేయండి, బ్యాటరీదైతే బ్యాటరీ తీయండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే 'రిమూవ్ ఫెయిల్డ్ నోడ్' నొక్కగానే కంట్రోలర్ ఆ నంబరుని ఒకసారి పలకరిస్తుంది. జవాబు వస్తే తీయడానికి ఒప్పుకోదు. పింగ్ చేసి స్టేటస్ 'డెడ్'కి మారాక నొక్కితే చాలాసార్లు పోతుంది.

అప్పటికీ మొండికేస్తే 'రిప్లేస్ ఫెయిల్డ్ నోడ్' వాడండి. ఖాళీగా ఉన్న ప్లగ్ ఒకదాన్ని ఆ నంబరులో కూర్చోబెట్టి, ఆ వెంటనే మామూలుగా ఎక్స్‌క్లూడ్ చేస్తే నంబరు ప్లగ్‌తో పాటు పోతుంది. ఆఖరి దారి: స్టిక్‌ని విండోస్ కంప్యూటర్‌కి పెట్టి, సిలికాన్ ల్యాబ్స్ సింప్లిసిటీ స్టూడియోలోని పీసీ కంట్రోలర్‌లో ముందు 'ఈజ్ ఫెయిల్డ్', తర్వాత 'రిమూవ్ ఫెయిల్డ్' నొక్కడం. స్టిక్‌ని ఒకసారికి ఒక ప్రోగ్రామే తెరవగలదు కాబట్టి ముందు జేఎస్ యూఐని ఆపాలి.

ఘోస్ట్ పోయినా ఆలస్యం తగ్గలేదంటే గ్రూప్స్ ట్యాబ్ చూడండి. ఇతర స్విచ్‌ల అసోసియేషన్లలో (ఏ పరికరానికి నేరుగా కబురు పంపాలో చెప్పే జాబితాలో) పాత నంబరు మిగిలుంటే అవి లేని పరికరానికి కబురు పంపుతూ, జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. తీసేసిన స్విచ్ కొత్త నంబరుతో తనంతట తాను తిరిగొస్తే కారణం స్మార్ట్‌స్టార్ట్ (క్యూఆర్ కోడ్ ముందే నమోదైన పరికరాన్ని దానంతట అదే జతచేసే పద్ధతి): ముందస్తు నమోదుల ప్రొవిజనింగ్ జాబితాలో దాని క్యూఆర్ ఎంట్రీ ఇంకా ఉంది, ముందు దాన్ని తీయాలి.

లోపాలు లేకపోలేదు. కీలకమైన బటన్లన్నీ అడ్వాన్స్‌డ్ మెనూల్లో లోతుగా ఉన్నాయి. తీసివేత విఫలమైతే వచ్చే సందేశం ఆ పరికరం ఇంకా పలుకుతోందని కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చెప్పదు; ఎంసీబీ ఆపమన్న ఒక్క వాక్యం అక్కడ ఉంటే ఎంతో మంది గంటలు మిగిలేవి. సొంత హబ్‌తో వచ్చే మూసిన వ్యవస్థల్లో దీన్ని వాడే వీలు లేదు.

ఘోస్ట్‌లు మళ్లీ పుట్టకుండా ఉండాలంటే జతచేసే సమయంలో సిగ్నల్ బాగుండాలి. ఇక్కడి స్విచ్‌లు చాలావరకు గోడలోని జీఐ బాక్సుల్లో కూర్చుంటాయి, ఆ ఇనుము రేడియోని మింగేస్తుంది. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో దొరికే మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో స్టిక్‌ని కంప్యూటర్ నుంచి దూరంగా, ఎత్తులో పెట్టండి. భారత్‌లో జెడ్-వేవ్ నడిచేది 865 మెగాహెర్ట్జ్ దగ్గర, అమెరికాలో 908 దగ్గర. 700, 800 సిరీస్ చిప్ ఉన్న స్టిక్ అయితే ఆర్‌ఎఫ్ రీజియన్‌ని (ఏ దేశపు రేడియో ఫ్రీక్వెన్సీ వాడాలో చెప్పేది) సెట్టింగ్స్‌లో 'ఇండియా'కి మార్చుకోవచ్చు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 500 సిరీస్ స్టిక్‌కి ఆ వీలు లేదు, ఇక్కడ కొన్న స్విచ్‌లు దానికి వినబడవు.