చిన్న అలెన్ కీలు: మూడేళ్ల వాడకం తర్వాత

అలెన్ కీ అంటే స్క్రూలో ఉండే ఆరు మూలల గుంటలో పెట్టి తిప్పే ఎల్ ఆకారపు కడ్డీ. బజారులో దొరికే తొమ్మిది కీల సెట్ మామూలుగా 1.5 మి.మీ. దగ్గర మొదలవుతుంది. త్రీడీ ప్రింటర్లు, ఆర్సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) కార్లు, గిటార్ బ్రిడ్జిలు (తీగలు ఆనే భాగాలు) బాగుచేసేవాళ్లకు అసలు పని అక్కడా, ఇంకా కిందా ఉంటుంది. అందుకే 0.7, 0.9, 1.3, 1.5, 2, 2.5 కీలు విడిగా కొని, వాటికి అంగుళాల్లో 0.050, 1/16 కలిపి వాడుతున్నాను.

స్క్రూ సైజు తెలిస్తే కీ సైజు తెలిసినట్టు కాదు. ఎం3నే, అంటే 3 మి.మీ. మందం స్క్రూనే చూడండి: తల లేని గ్రబ్ స్క్రూకి 1.5, గుమ్మటంలాంటి బటన్ తలకి 2, స్తంభంలాంటి క్యాప్ తలకి 2.5. గ్రబ్ స్క్రూల్లోనే ఎం2 అయితే 0.9, ఎం2.5 అయితే 1.3.

కీ దిగింది కదా అని తిప్పెయ్యకండి. అడుగుదాకా దిగేవాటిలో అన్నిటికంటే పెద్దదే సరైనది. 1/16 అంటే 1.59 మి.మీ. ఆ సైజు గుంటలో 1.5 కీ హాయిగా దిగుతుంది, కాస్త ఆడుతుంది. బిగుసుకున్న స్క్రూ మీద బలం పెట్టగానే మూలలు అరిగి గుంట గుండ్రమైపోతుంది. అంగుళాల కొలతతో చేసిన గిటార్ బ్రిడ్జిల మీద జరిగే నష్టం చాలావరకు ఇదే. 0.050 అంటే 1.27, కాబట్టి 1.3 గుంటలో దాంతో తేలికపాటి పని నడుస్తుంది. 5/64 అంటే 1.98, రెండు మి.మీ. కీ ఉన్నవాళ్లు దాన్ని వేరే కొనక్కర్లేదు.

సరైన కీ కూడా ఒక్కోసారి దిగదు. గుంటలో మురికో, థ్రెడ్ లాకరో (స్క్రూ వదులవకుండా పూసే జిగురు) గట్టిపడి ఉంటుంది. అప్పుడు చిన్న కీ వెతకడమే పెద్ద పొరపాటు. కుట్టుసూదితో గీకి, ఊది, మళ్లీ పెట్టండి. లాకర్ వేసిన స్క్రూ అయితే సోల్డరింగ్ ఐరన్ మొనను అర నిమిషం ఆనించి, వేడి మీదే తిప్పాలి. పక్కన ప్లాస్టిక్ ఉంటే జాగ్రత్త. కీ చెయ్యి మెలితిరుగుతున్నట్టు కనిపిస్తే ఆపేయండి, అంతకుమించితే ఏదో ఒకటి విరుగుతుంది.

బాల్ మొన, అంటే కీ వాలుగా పెట్టినా తిరిగే గుండ్రటి మొన, 2.5 నుంచి పైకి బాగుంటుంది. 1.5లో దాని మెడ మరీ సన్నం, తెగితే ముక్క గుంటలోనే ఉండిపోతుంది. ఈ సైజుల్లో తిన్నని మామూలు మొనే తీసుకోండి.

ముందుగా అరిగేది 1.5. మొన గుండ్రబడితే చివర ఒక మిల్లీమీటరు మేర, గ్రైండర్ మీద అడ్డంగా, చదునుగా తీసేయాలి. మధ్యమధ్యలో నీళ్లలో ముంచకపోతే ఉక్కు నీలంగా మారి మెత్తబడుతుంది. ఇంత చిన్న కీల మీద అంకెలు త్వరగా చెరిగిపోతాయి. వెర్నియర్ అనే కొలత పరికరంతో ఎదురెదురు చదును ముఖాల మధ్య కొలిచి, సైజుకో రంగు గోళ్లరంగు పూసుకోండి. 1.5 మాత్రం రెండు కొనండి.